జాజ్ ట్రిబ్యూట్ ఆల్బమ్ ఎలా వినాలి? ముందు చేతిలో తాళం ఉండాలి

ట్రిబ్యూట్ ఆల్బమ్ (ఒక సంగీతకారుడికి నివాళిగా వేరేవాళ్లు చేసేది) పెట్టడం, రెండు నిమిషాలు వినడం, "బాగానే ఉంది గానీ అసలు పాట ఏమైపోయింది?" అని ఆపేయడం. చాలామంది చేసేది ఇదే. పాట ఎక్కడికీ పోలేదు, అడుగున తిరుగుతూనే ఉంది. లెక్క తప్పింది వినేవాళ్లకే. ఆ లెక్క పట్టుకోవడానికి ఓ వారం చాలు. అది పట్టుబడకుండా కొత్త రూపం బాగుందనీ బాగాలేదనీ తీర్పు చెప్పడం అనవసరం.

కావలసినవి

హెడ్‌ఫోన్లు. ఫోన్ స్పీకర్‌లో బేస్ (అడుగున మోగే మంద్ర స్వరాల వాద్యం) వినపడదు, బేస్ లేకుండా ఈ పని జరగదు. షఫుల్ ఆపేయండి. "రిలాక్సింగ్ జాజ్" ప్లేలిస్టుల జోలికి పోవద్దు, అవి కాఫీ షాపుల కోసం.

1. ఒక్క పాట ఎంచుకోండి

జాజ్ పుట్టిన న్యూ ఆర్లియన్స్ నుంచి మొదలుపెట్టి వరసగా చరిత్రంతా వినమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఆ దారిలో వెళ్లినవాళ్లు సగంలోనే అలసిపోతారు. ఒకే పాటను పదిమంది వాయిస్తే వినడం అంతకన్నా ఎంతో మేలు. మొదటి పాటగా "బాడీ అండ్ సోల్" తీసుకోండి. 1930లో జానీ గ్రీన్ కట్టిన వరస ఇది.

ముందుగా మాటలతో పాడిన రూపం వినాలి. టోనీ బెనెట్, ఏమీ వైన్‌హౌస్ 2011లో పాడిన యుగళం సులువుగా దొరుకుతుంది. వరస కూనిరాగంలో తప్పుల్లేకుండా వచ్చేదాకా అదే వినండి. రాకపోతే రెండో అడుగు వేయొద్దు.

2. ముప్పైరెండు బార్లను చేతిలోకి తెచ్చుకోండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. ఇక్కడ తొందరపడొద్దు.

బార్ అంటే కొన్ని దెబ్బల కట్ట. ఈ పాటలో బార్‌కి 4 దెబ్బలు, మొత్తం 32 బార్లు. ఎనిమిదేసి బార్ల చొప్పున నాలుగు భాగాలు. మొదటిది, రెండోది, నాలుగోది దాదాపు ఒకే వరస. మూడోది వేరు, దాన్నే బ్రిడ్జి అంటారు. ఈ 32 బార్ల చుట్టు ఒకటి పూర్తయితే ఒక కోరస్. సోలో (అప్పటికప్పుడు ఒక్కరే కల్పించేది) వాయించేవాళ్లు వరసను వదిలేస్తారు గానీ ఈ చుట్టును వదలరు. కోరస్ తర్వాత కోరస్, అదే చక్రం.

దీన్ని పట్టుకోవడానికి మన చేతిలోనే పరికరం ఉంది. సరళీ స్వరాలు నేర్చుకున్న ఎవరికైనా ఆది తాళం వచ్చు: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, దెబ్బ, ఉసి, దెబ్బ, ఉసి. మొత్తం ఎనిమిది క్రియలు. ఒక్కో క్రియను ఒక్కో బార్‌కి వేయండి. ఒక ఆవర్తం తిరిగేసరికి ఎనిమిది బార్లు, నాలుగు ఆవర్తాలకు ఒక కోరస్. మూడో ఆవర్తం ఎప్పుడూ బ్రిడ్జే. పాశ్చాత్య పాఠాల్లో "వన్ టూ త్రీ ఫోర్, టూ టూ త్రీ ఫోర్" అని లెక్కపెట్టిస్తారు. అది నోటిని కట్టేస్తుంది, చెవి కూడా దాని వెంటే పోతుంది. చేతితో వేస్తే చెవి ఖాళీగా ఉంటుంది.

ఇప్పుడు శాక్సఫోన్ వాద్యకారుడు కోల్‌మన్ హాకిన్స్ 1939 అక్టోబరు 11న చేసిన రికార్డు పెట్టండి. మూడు నిమిషాలే. పియానో నాలుగు బార్లు వాయించాక శాక్సఫోన్ అందుకుంటుంది. తాళం అక్కడ మొదలుపెట్టాలి, పియానో దగ్గర కాదు. హాకిన్స్ మొదట్లో వరసను కాస్త తడిమి వదిలేస్తాడు, మళ్లీ దాని ముఖం చూడడు. అయినా రెండు కోరస్‌లూ లెక్క ప్రకారమే నడుస్తాయి. ఒక్కో ఆవర్తం సుమారు ఇరవై సెకన్లు. మొదటి బ్రిడ్జి నిమిషం లోపే వస్తుంది. అక్కడ శ్రుతే ఒక అర మెట్టు పైకి జరుగుతుంది, నేల కాస్త లేచినట్టుంటుంది. దారి తప్పినవాళ్లకు మైలురాయి అదే.

లెక్క ఎక్కడ తప్పుతుందో ముందే తెలుసుకోండి. ఎక్కువగా తప్పేది కోరస్ మారే చోట. నాలుగో భాగం, దాని వెనకే కొత్త కోరస్ మొదటి భాగం, ఆ తర్వాత రెండో భాగం: ఒకేలాంటి మూడు ఆవర్తాలు వరసగా వస్తాయి. మూడింట్లో ఏది నడుస్తోందో తెలియకపోతే కంగారుపడి మొదటికి వెళ్లొద్దు. తాళం ఆపి, తర్వాతి బ్రిడ్జి కోసం కాచుకుని, అక్కడ కలవండి.

రెండో గుంట: కొన్ని రికార్డుల్లో మధ్యలో డ్రమ్స్, బేస్ రెట్టింపు వేగం అందుకుంటాయి. చేయి కూడా పరుగెత్తుతుంది. పరుగెత్తనివ్వొద్దు. రెండో కాలంలో పాడినంత మాత్రాన తాళం మారుతుందా? బార్ పొడవు సాధారణంగా అలాగే ఉంటుంది.

మూడోది మనవాళ్లకే ప్రత్యేకం. కచేరీలో కల్పనస్వరం ఎంత దూరం వెళ్లినా ఎత్తుగడ దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చి వాలుతుంది. జాజ్‌లో వరస చివర్లో తప్ప తిరిగి రాకపోవచ్చు, ఒక్కోసారి అసలే రాదు. దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటే సోలో అంతా చేజారిపోతుంది. ఇంకో సంగతి: మన సంగీతంలో ఆధార షడ్జం కదలదు, ఇక్కడ కింద కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) మారుతూ ఉంటాయి. ఒక బార్‌లో అపస్వరంలా తోచిన స్వరం తర్వాతి బార్‌లో సరిగ్గా అతుకుతుంది. అపస్వరం అనేముందు ఒక బార్ ఆగండి.

పదిసార్లలో ఎనిమిదిసార్లు హాకిన్స్‌తో పాటు కరెక్టుగా ముగించగలిగితే ఈ మెట్టు దాటినట్టే.

3. ఏది మార్చారో వెతకండి

ఇక సులువే. మరో శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 1960 అక్టోబరులో ఇదే పాట వాయించాడు. మొదటి రెండు భాగాల్లో బేస్ ఒకే స్వరాన్ని పట్టుకుని ఊగుతుంది, బ్రిడ్జిలో కార్డుల దారే మార్చేశాడు. వరస మాత్రం చక్కగా గుర్తుపట్టేలా ఉంటుంది. హాకిన్స్ చేసినదానికి సరిగ్గా తలకిందులు. ఎస్పెరాన్సా స్పాల్డింగ్ 2008లో స్పానిష్‌లో పాడింది. బార్‌లో నాలుగు దెబ్బలు పోయి ఐదయ్యాయి. ఖండచాపు వచ్చినవాళ్లకు అది ఇట్టే దొరుకుతుంది.

అన్ని పాటలూ 32 బార్లని అనుకోవద్దు. బ్లూస్ అనే పాటల తీరుకి సాధారణంగా 12. "ఆల్ ద థింగ్స్ యూ ఆర్"కి 36. కోల్ట్రేన్ "మై ఫేవరెట్ థింగ్స్" సోలోలకైతే ఈ లెక్కే పనికిరాదు, రెండు కార్డుల మధ్య ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉంటాడు. దాన్ని మొదటి పాఠంగా ఇవ్వడం పెద్ద పొరపాటు.

4. ఇప్పుడు ట్రిబ్యూట్ ఆల్బమ్

మొదటిది శాక్సఫోన్ వాద్యకారుడు జో హెండర్సన్ "లష్ లైఫ్", 1992. బిల్లీ స్ట్రేహార్న్ రచనలు. "టేక్ ద ఏ ట్రైన్" డ్యూక్ ఎల్లింగ్టన్‌దనే చాలామంది అనుకుంటారు, రాసింది స్ట్రేహార్నే. ఈ ఆల్బమ్‌లో దాన్ని శాక్సఫోన్, డ్రమ్స్ మాత్రమే వాయిస్తాయి. పియానో లేదు, బేస్ లేదు. కార్డులు చెప్పేవాళ్లే లేరు. చేతిలో తాళం ఉంటే అవి మనసులో వినపడతాయి, లేకపోతే ఉత్త సందడి.

నివాళి అనగానే భక్తిగా మక్కీకి మక్కీ వాయించడం అనుకునేవాళ్లు "బ్లూ" వినాలి. 2014లో "మోస్ట్లీ అదర్ పీపుల్ డూ ద కిల్లింగ్" అనే బృందం మైల్స్ డేవిస్ 1959 నాటి "కైండ్ ఆఫ్ బ్లూ"ను స్వరం పొల్లుపోకుండా మళ్లీ వాయించింది. రెండూ పక్కపక్కన పెట్టి పది నిమిషాలు వినండి. స్వరాలన్నీ ఉన్నా ఏదో ఒకటి తక్కువగా తోస్తుంది. ఆ తక్కువ ఏమిటో వెతకడానికే ఆ ఆల్బమ్.

దానికి రెండో కొస రుద్రేశ్ మహంతప్ప "బర్డ్ కాల్స్", 2015. కద్రి గోపాల్‌నాథ్‌తో కలిసి "కిన్స్‌మెన్" చేసింది ఈయనే. శాక్సఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్‌కి నివాళి అంటారు గానీ అందులో పార్కర్ పాట ఒక్కటీ నేరుగా లేదు. అన్నీ పార్కర్ వరసలనూ సోలోలనూ విప్పి కట్టిన కొత్త రచనలు. కాబట్టి తిన్నగా దాని మీద పడొద్దు. "ఆన్ ద డీఎల్" వినేముందు దాని మూలం "డోనా లీ" వినాలి. "డోనా లీ" కూడా 1917 నాటి "ఇండియానా" కార్డుల మీద నిలబడ్డదే, కాబట్టి ముందు అది వినాలి. "డోనా లీ" వేగానికి బార్‌కొక క్రియ చేయి అందుకోలేదు. రెండు బార్లకొకటి వేయండి. అప్పుడు రెండు ఆవర్తాలకే కోరస్ పూర్తవుతుంది.