కింది సర్జరీ: ఏం వస్తుంది, ఏం రాదు, మొదటి ఏడాది ఏం చేయాలి

కింది సర్జరీ, అంటే జననాంగాల ఆపరేషన్, చేయించుకోవాలనుకునే ట్రాన్స్ మహిళలు, నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా, ముందు అడిగేది "ఎంతవుతుంది, ఎవరు చేస్తారు" అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. మీరు అడుగుతున్నది ఏ ఆపరేషన్? "సర్జరీ అయిపోయింది" అనే ఒక్క మాట కింద మన దగ్గర నాలుగు వేర్వేరు ఆపరేషన్లు నడుస్తున్నాయి.

బీజాలు (వృషణాలు) మాత్రమే తీసేయడం ఒకటి. గంటలోపు పని, ఒళ్ళు త్వరగా కుదుటపడుతుంది. రెండోది హిజ్రా సంప్రదాయంలో నిర్వాణం అనేది: అంగం, బీజాలు, వాటి తిత్తి అన్నీ తీసేసి మూత్రానికి ఒక రంధ్రం మాత్రం ఉంచడం. ఆసుపత్రిలో డాక్టరు చేసినా జరిగేది ఇదే, యోని ఉండదు. మూడోది, బయటికి ఆడవాళ్ళ అవయవంలాగే పెదాలు, క్లిటోరిస్ ఏర్పాటు చేసి లోపలి దారి మాత్రం పెట్టకపోవడం. దీన్ని వల్వోప్లాస్టీ అంటారు. నాలుగోది వెజైనోప్లాస్టీ, లోపలి దారితో సహా.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, వెజైనోప్లాస్టీలో యోని గోడలకు పనికొచ్చేది అంగం చర్మం, తిత్తి చర్మం. క్లిటోరిస్ తయారయ్యేది అంగం కొనలోని ఒక ముక్కతో, దాని నరాలు, రక్తనాళాలు తెగకుండా. నిర్వాణంలో ఇవన్నీ బకెట్లోకి పోతాయి. తర్వాత ఎప్పుడో యోని కావాలంటే తొడ నుంచో పొట్ట నుంచో చర్మం తీయాలి, లేదా పొట్ట లోపలి పొరనో పెద్దపేగు ముక్కనో వాడాలి. యోని వస్తుంది గానీ పోయిన నరం తిరిగి రాదు. కాబట్టి ఇప్పుడు డబ్బు లేదు, యోని సంగతి తర్వాత చూద్దాం అనుకునేవాళ్ళు ముందు బీజాల ఆపరేషన్ ఒక్కటీ చేయించుకుని ఆగడం నయం. అప్పుడు కూడా తిత్తి చర్మం కత్తిరించకుండా ఉంచమని సర్జన్‌కి స్పష్టంగా చెప్పండి. అయినా ఏళ్ళు గడిచేకొద్దీ ఆ చర్మం కొంత ముడుచుకుపోతుంది, కాబట్టి మరీ వాయిదా వేయొద్దు.

ఇక లాడ్జి గదుల్లో, ఇళ్ళల్లో చేసే కోతలు. 2023లో నెల్లూరులోనే ఒక లాడ్జిలో బీఫార్మసీ విద్యార్థులు చేసిన ఆపరేషన్లో ప్రకాశం జిల్లా మనిషి ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ భాగానికి రక్తం చాలా ఎక్కువగా వస్తుంది. రక్తం ఎక్కించే ఏర్పాటు, మత్తు డాక్టరు లేని చోట తక్కువ ఖర్చని ఒప్పుకోవద్దు.

ఏం వస్తుంది, ఏం రాదు

లోతు గురించి అందరికీ ఆశ ఎక్కువ. చర్మంతో చేసినప్పుడు సాధారణంగా 10 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. ఎంత చర్మం ఉందన్నది, మీ కటి ఎముకల మధ్య ఎంత చోటుందన్నది దాన్ని నిర్ణయిస్తాయి. సున్తీ అయినవాళ్ళకీ, చిన్న వయసులో హార్మోన్లు మొదలుపెట్టి చర్మం తగ్గినవాళ్ళకీ తిత్తి చర్మంతో అతుకు వేయాల్సి రావచ్చు. సర్జన్ పరీక్ష చేశాక "నా చర్మంతో ఎంత లోతు వస్తుంది, చాలకపోతే దేంతో పూడుస్తారు" అని అడగండి. సెంటీమీటర్లలో జవాబు చెప్పని సర్జన్ దగ్గర తొందరపడొద్దు.

పేగుతో చేసిన దారికి లోతు ఎక్కువ, తడి తనంతట తనే వస్తుంది. అది కొందరికి వరం, కొందరికి తలనొప్పి: ఆ తడి మీకు కావాల్సినప్పుడే రాదు. రోజంతా జిగురు కారి, వాసనతో, ప్యాడ్ పెట్టుకోవాల్సి రావచ్చు. పొట్టలో కూడా ఆపరేషన్ జరుగుతుంది గనక ప్రమాదం కొంచెం ఎక్కువ. చర్మంతో చేసినదానికి సహజంగా తడి ఉండదు, కలయికకి జెల్ తప్పదు.

స్పర్శ, తృప్తి ఎక్కువమందికి వస్తాయి, కాకపోతే వెంటనే కాదు. మొదటి నెలల్లో తిమ్మిరి, మధ్యమధ్యలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం నరాలు మళ్ళీ అల్లుకుంటున్నందుకే. ఆరు నెలల నుంచి ఏడాది దాకా మారుతూనే ఉంటుంది. వచ్చే తృప్తి ముందున్నట్టే ఉండదు, మళ్ళీ నేర్చుకోవాలి.

రూపం కూడా అంతే. మొదటి వారాల్లో వాచి, నల్లగా కమిలి, ఒక పక్క పెద్దది ఒక పక్క చిన్నదిగా ఉంటుంది. అది చూసి ఏడ్చేవాళ్ళు చాలామంది. మూడు నాలుగు నెలలకి వాపు చాలావరకు దిగుతుంది, అసలు రూపం తేలడానికి ఏడాది పడుతుంది. సర్జన్ ఫోన్లో చూపించే ఫొటోలు ఏడాది తర్వాతివి, అందులోనూ బాగా కుదిరినవి. ఆరో వారం ఫొటోలు, పుండు విచ్చుకున్నవాళ్ళ ఫొటోలు కూడా చూపించమనండి.

రానివి: నెలసరి, గర్భం రావు. గొంతు మారదు, గడ్డం పోదు. పిల్లలు కావాలనే ఆలోచన ఏమాత్రం ఉన్నా, వీర్యం దాచుకోవడం బీజాలు తీయకముందే, వీలైతే హార్మోన్లు మొదలుపెట్టకముందే జరగాలి. కాపురం నిలబడుతుందనో, ఫలానా మనిషి వదిలిపోడనో చేయించుకునే సర్జరీ ఆ పని చేయదు. ఈ సంగతి సర్జన్ చెప్పడు, అందుకే ఇక్కడ రాస్తున్నాం.

టేబుల్ ఎక్కేలోపు

2022లో వచ్చిన ట్రాన్స్ వైద్యపు అంతర్జాతీయ మార్గదర్శకాల (డబ్ల్యూపాత్) ఎనిమిదో కూర్పు ప్రకారం, ఈ సర్జరీ మీకు తగినదేనని అర్హత ఉన్న నిపుణులు రాసిచ్చే ఉత్తరం ఒకటి చాలు. హార్మోన్లు వాడేవాళ్ళయితే కనీసం ఆరు నెలలు వాడి ఉండాలి. మన సర్జన్లు చాలామంది ఇప్పటికీ రెండు ఉత్తరాలు అడుగుతారు. ఏది కావాలో ముందే కనుక్కుంటే రెండుసార్లు తిరిగే ఖర్చు తప్పుతుంది.

వెంట్రుకలు తీయించడం అందరూ గాలికి వదిలేసే పని. లోపలికి పోయే చర్మం మీద వెంట్రుకలుంటే అవి యోనిలోనే పెరిగి, ఉండలు కట్టి, వాసన పట్టి, చీము తెస్తాయి. లోపలికి పోయాక తీయడం మహా కష్టం. ఏ భాగం లోపలికి వెళ్తుందో సర్జన్ చేత గీయించుకుని ఆ మేరకే లేజర్ చేయించండి. చామనచాయ, నల్లటి ఒంటికి ఎన్‌డీ యాగ్ లేజర్ కాలకుండా పనిచేస్తుంది, బ్యూటీపార్లర్ లైటు మిషన్లు వద్దు. ఆరేడు సిట్టింగులు, ఒక్కోదానికి మధ్య 6 నుంచి 8 వారాలు. అంటే ఏడాది పని ఇది. తెల్ల వెంట్రుకలకి లేజర్ పనిచేయదు, సూదితో చేసే ఎలక్ట్రాలిసిస్ కావాలి.

సిగరెట్, గుట్కా, ఖైనీ ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు బంద్. నికోటిన్ సన్న రక్తనాళాలను బిగిస్తుంది, అతికించిన చర్మం రక్తం అందక నల్లబడి రాలిపోతుంది. గుట్కా పొగ కాదు గదా అనే వాదన చర్మానికి తెలియదు. షుగరుంటే మూడు నెలల షుగర్ పరీక్ష 7 చుట్టుపక్కలకి తెచ్చుకోండి. హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన సర్జరీకి పనికిరారనడం తప్పు. మందులు సరిగా వేసుకుంటూ వైరల్ లోడ్ అదుపులో ఉంటే చేయొచ్చు, ఆ ఒక్క కారణంతో వైద్యం నిరాకరించడాన్ని 2017 హెచ్‌ఐవీ చట్టం ఒప్పుకోదు. రక్తం గడ్డకట్టకుండా ఈస్ట్రోజన్ కొన్నివారాల ముందు ఆపాలా వద్దా అన్నది సర్జన్‌నే అడగండి, మీ అంతట మీరు ఆపకండి.

ఖర్చు విషయంలో, ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వర్తించేలా 2022లో కేంద్రం ఒప్పందం చేసింది. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు కావాలి. మీరు వెళ్ళే ఆసుపత్రి ఆ జాబితాలో ఉందా, మీరు అడిగే ఆపరేషన్ ఆ ప్యాకేజీలో ఉందా, ఈ రెండూ అడ్వాన్స్ కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఆసుపత్రిలో, దారిలో

ఆపరేషన్ నాలుగు నుంచి ఆరు గంటలు. లోపల గుడ్డ కుక్కి 5 నుంచి 7 రోజులు ఉంచుతారు, మూత్రానికి పైపు కూడా దాదాపు అన్ని రోజులే. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లే గదా అని డిశ్చార్జి రోజే బయల్దేరడం పెద్ద పొరపాటు. పైపు తీసి మూత్రం ధారాళంగా వచ్చేదాకా, మొదటి డైలేషన్ (కొత్త దారి మూసుకుపోకుండా డైలేటర్ అనే కడ్డీని లోపలికి పెట్టడం) నర్సు ఎదురుగా మీ చేత్తో చేసేదాకా అక్కడే గది తీసుకోండి, సుమారు రెండు వారాలు. వచ్చేటప్పుడు కారు వెనక సీట్లో పడుకుని రావాలి. గంటకోసారి దిగి పది అడుగులు నడవాలి, లేకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం. రోహిణి కార్తెలో చెమటకి కుట్లు మానడం కష్టం, కార్తీకం తర్వాత పెట్టుకుంటే సుఖం.

ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జి సమ్మరీ ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. రాత్రి మూత్రం బిగిస్తే మీరు పోయేది నెల్లూరు పెద్దాసుపత్రికో ఒంగోలు రిమ్స్‌కో. అక్కడి డ్యూటీ డాక్టరు ఇలాంటి ఆపరేషన్ ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. మూత్రనాళం ఎక్కడికి తెచ్చి కుట్టారో ఆ కాగితంలో ఉంటుంది.

ఇంటికొచ్చాక గొంతుకూర్చునే మరుగుదొడ్డి కొన్ని వారాలు వద్దు. సర్జికల్ షాపుల్లో కమోడ్ కుర్చీ అద్దెకు దొరుకుతుంది. ముక్కడం అసలు పనికిరాదు: ఇడ్లీ, మజ్జిగన్నం, ఇసబ్‌గోల్, నీళ్ళు దండిగా. బజార్లో, రైళ్ళలో డబ్బులడగడం, డాన్సు ప్రోగ్రాములు ఎనిమిది వారాలు మరిచిపోండి. గురువు (హిజ్రా కుటుంబంలో పెద్ద) ఇంట్లో ఉంటే ఈ మాట ముందే ఒప్పించుకోవాలి, ఎందుకంటే ఆ రెండు నెలల సంపాదన పోయేది వాళ్ళకి కూడా.

నిర్వాణం తర్వాత పాటించే నలభై రోజుల కట్టుబాట్లలో విశ్రాంతి మంచిదే. నీళ్ళు తక్కువ తాగించడం, స్నానం లేకుండా ఉంచడం, మరిగే నీళ్ళు పోయడం మాత్రం మానని పుండుకి హాని. అద్దం చూడకూడదన్న నియమం ఒకటుంది. ముఖం చూసుకోవద్దంటే సరే, కానీ కింద చూసుకోవడానికి చేతి అద్దం రోజూ కావాలి.

డైలేషన్

లోతు నిలిచేది దీనివల్లే. ఒళ్ళు ఈ దారిని గాయంగానే లెక్కేసి మూసేయాలని చూస్తుంది. సర్జన్ ఎంత గొప్పవాడైనా మొదటి మూడు నెలలు డైలేటర్ వదిలేస్తే పోయిన లోతు వెనక్కి రావడం దాదాపు అసాధ్యం.

మూత్రం పోసి వచ్చి, చేతులు, డైలేటర్ సబ్బుతో కడిగి ఆరబెట్టండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, కాళ్ళు ఎడంగా పెట్టి, తల కింద దిండు. కొసకి నీటి ఆధారిత జెల్ ధారాళంగా. కొబ్బరినూనె వద్దు: కడిగినా పూర్తిగా పోదు, కండోమ్ చిరుగుతుంది. మొదట కొస వీపు వైపు ఏటవాలుగా కిందికి, ముందరి ఎముక దాటాక తిన్నగా. బిగిసినట్టుంటే ఆగి, ఊపిరి గట్టిగా పీల్చి వదిలి, కింద కండరాన్ని మలానికి వెళ్ళేటప్పటిలా వదులు చేసి మళ్ళీ తోయండి. చివర మెత్తగా ఆనుతుంది, అక్కడ 10 నిమిషాలు ఉంచాలి. డైలేటర్ మీద వరసగా చుక్కలుంటాయి. ఎన్నో చుక్క బయట కనిపిస్తోందో రోజూ ఒక కాగితం మీద రాయండి. రెండు రోజులు వరసగా ఒక చుక్క ఎక్కువ బయట కనిపిస్తే ఫోన్ చేయాల్సింది సర్జన్‌కి, స్నేహితురాలికి కాదు.

సాధారణ లెక్క: మొదటి మూడు నెలలు రోజుకి మూడుసార్లు, ఆరో నెల దాకా రోజుకోసారి, తొమ్మిదో నెల దాకా రోజు మార్చి రోజు, ఆ తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు జీవితాంతం. మీ సర్జన్ షెడ్యూల్ వేరుగా ఉంటే అదే పాటించండి. నలుగురు పడుకునే గదిలో రోజుకి మూడుసార్లు తలుపేసుకునే వీలుందా అన్నది సర్జరీకి ముందే చూసుకోవాలి. లేదంటే వల్వోప్లాస్టీ గురించి నిజంగా ఆలోచించండి. లోపలి దారితో అవసరం లేనివాళ్ళకి అది తక్కువ రకం ఆపరేషనేమీ కాదు. డైలేషన్ ఉండదు, ప్రమాదాలూ తక్కువ.

కలయికకి కనీసం మూడు నెలలు ఆగాలి. కండోమ్ తప్పనిసరి, ఈ దారిలోనూ హెచ్‌ఐవీ, గనేరియా అంటుకుంటాయి.

ఏది మామూలు, ఏది కాదు

మూత్రం పక్కలకి చిందడం వాపు వల్ల, తగ్గుతుంది. రోజురోజుకీ ధార సన్నబడితే మాత్రం రంధ్రం ముడుచుకుంటున్నట్టు. కింది అంచున కుట్లు కొంచెం విచ్చుకోవడం తరచూ జరిగేదే, శుభ్రంగా ఉంచితే పూడుతుంది. లోపల ఎర్రటి పచ్చికండ పెరిగి, పసుపు ఎరుపు కలిసిన తడి వస్తుంటే డాక్టరు సిల్వర్ నైట్రేట్ అద్దుతారు. గంటలో ప్యాడ్ తడిసిపోయే రక్తం, చలిజ్వరం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి, ఆయాసం ఉంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికే. యోనిలోంచి గాలి లేదా మలం వస్తే పేగుకి చిల్లు పడి ఉండొచ్చు. అరుదే గానీ అప్పుడు డైలేషన్ ఆపి వెంటనే సర్జన్‌ని కలవాలి.

బీజాలు పోయాక టెస్టోస్టిరాన్ ఆపే మాత్రలు అక్కర్లేదు, ఈస్ట్రోజన్ మాత్రం కావాలి. అదీ మానేస్తే ఒంట్లో ఏ హార్మోనూ లేక ఎముకలు గుల్లబారతాయి, వేడి ఆవిర్లు, నీరసం. ఎప్పుడో నిర్వాణమై ఏ మందూ వాడని పెద్దవాళ్ళలో నడుము నొప్పికి ఇదీ ఒక కారణం కావచ్చు, ఎముకల సాంద్రత పరీక్ష చేయించండి. ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) తీయరు, గుర్తింపు కార్డులో ఆడ అని ఉన్నా అది లోపలే ఉంటుంది. యాభై దాటాక మూత్రం ఇబ్బంది వస్తే డాక్టరుకి ఆ సంగతి మీరే చెప్పాలి.

పెదాలు సరిగా కుదరలేదనో, క్లిటోరిస్ మీద కప్పు లేదనో రెండో దఫా సరిచేయించాలంటే కనీసం ఆరు నెలలు ఆగాలి. దాని ఖర్చు మొదటి బిల్లులో కలిసి ఉందా, విడిగా కట్టాలా అన్నది మొదటి రోజే రాయించుకోండి.