మీ కల ఎక్కడ ఆగిందో చూసుకోండి: సమస్య - పరిష్కారం

అనంతపురంలో గానీ, కడపలో గానీ, కర్నూల్లో గానీ, ముప్పై ఐదు దాటిన వాళ్లను కాసేపు మాట్లాడిస్తే చేయాలనుకుని చేయకుండా ఉండిపోయిన పని ఒకటి తప్పకుండా బయటికొస్తుంది. డిగ్రీ పూర్తి చేయడం, లా చదవడం, వయొలిన్ నేర్చుకోవడం, సొంతంగా చిన్న షాపు పెట్టుకోవడం. అడిగితే అందరూ టైం లేదనే చెప్తారు, కానీ అసలు అడ్డు వేరే చోట ఉంటుంది. కింద ఉన్న మాటల్లో మీరు ఎక్కువగా అనేది ఏదో చూసి అక్కడే మొదలుపెట్టండి.

"ఈసారి పంట చేతికొస్తే చూద్దాం"

కారణం: మన చేతిలో లేని దాన్ని షరతుగా పెట్టుకోవడం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే అనంతపురంలో శెనక్కాయ మీద ఏ లెక్క నిలబడుతుంది? ఒక ఏడు వానే రాదు, ఇంకో ఏడు కాయ పీకే టైంలో వస్తుంది, రెండూ బాగుంటే రేటు ఉండదు. ఉద్యోగస్తుల ఇళ్లలో ఇదే షరతు "పిల్లోడి ఇంజనీరింగ్ అయిపోనీ", "పాప పెళ్లి కానీ" అనే మాటల్లో వినిపిస్తుంది.

ఏం చేయాలి: మొత్తం కలకు ఎంతవుతుందని కాకుండా, మొదటి మెట్టుకు ఎంతవుతుందో కనుక్కుని కాగితం మీద రాయండి. మొదటి ఏడాది ఫీజు ఎంత, దగ్గర్లోని స్టడీ సెంటర్‌కు బస్సు చార్జీ ఎంత అని ఏళ్ల తరబడి ఆలోచిస్తున్నవాళ్లు కూడా చాలామంది ఒక్కసారైనా అడిగి ఉండరు.

"నా వయసు దాటిపోయింది లేప్పా"

దీనికి కారణం చాలాసార్లు వయసు కాదు, రూల్ చదవకపోవడం. కొన్ని తలుపులు నిజంగానే మూసుకుంటాయి. జనరల్ కేటగిరీలో బ్యాంకు క్లర్కు పరీక్షకు 28, బ్యాంకు ఆఫీసరు (పీఓ) పరీక్షకు 30, సివిల్స్‌కు 32 ఏళ్లు. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు సడలింపు ఉంటుంది, అది నోటిఫికేషన్లోనే చూసుకోవాలి. ఇలాంటివి మీ మనసులో ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు వీటి సంగతే చూడండి, ఎందుకంటే ఇక్కడ ఒక ఏడాది పోతే తిరిగి రాదు.

మిగతావాటిలో చాలా తలుపులు తెరిచే ఉన్నాయి. నీట్‌కు 17 ఏళ్లు నిండాలన్నదే తప్ప పై పరిమితి లేదు, 2022లో తీసేశారు. ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ ఏ వయసులోనైనా రాయొచ్చు. లా సీటు కోసం రాసే లాసెట్‌కూ వయసు అడ్డం కాదు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, తెలియక చాలామంది దెబ్బతింటారు: పది, ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేస్తే ఆ డిగ్రీతో లా సీటుకు అర్హత రాదు. లా మీద మనసున్నవాళ్లు తొందరపడి డిగ్రీలో చేరకుండా, ముందు ఓపెన్ స్కూల్లో ఆ రెండూ పూర్తి చేసుకుని రండి.

"ఉద్యోగం మానేస్తే గానీ కుదరదు"

ఇది నేను ఒప్పుకోను. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ అక్కడే తెలుగు నేర్చుకోవడం మీద పడ్డాడు, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని పనిచేయించాడు, 1852లో తన తెలుగు నిఘంటువు అచ్చయ్యేనాటికి కూడా ఉద్యోగంలోనే ఉన్నాడు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ వకీలుగా పనిచేస్తూనే దేశం మెచ్చిన నటుడయ్యాడు. జీతం వస్తుంటే ఇంట్లో టెన్షన్ ఉండదు, మీకూ తొందర ఉండదు. రోజుకు గంట తీయండి, ఆ గంట ఏడాది పాటు నిలిస్తే అప్పుడు మానేసే మాట ఆలోచించొచ్చు.

"ఇంకొక్క అటెంప్ట్"

నంద్యాల బ్యాంకు కోచింగ్ రూముల్లో ఈ మాట ఎక్కువ. మొదటి రెండు మూడు సార్లు అది పట్టుదలే. తర్వాత తర్వాత ఊరికెళ్తే ఏం సమాధానం చెప్పాలన్న భయమే మనిషిని అక్కడ కూర్చోబెడుతుంది. ఆ భయంలో ఆ పిల్లలు ఒంటరిగా ఉండడం చూస్తే నాకు బాధేస్తుంది. ఆఖరి ప్రయత్నం ఏదో నోటిఫికేషన్ రాకముందే తేల్చుకుని నాయనకు ఫోన్ చేసి చెప్పండి. ఫలితం వచ్చాక తీసుకున్న నిర్ణయం నిలవదు.

"ఇంట్లో ఒప్పుకోరు"

పెళ్లయి చదువు ఆపేసిన ఆడవాళ్ల నుంచి ఎక్కువగా వినే మాట. ఇల్లంతా కాదనదు, సాధారణంగా ఒక్కరు కాదంటారు, వాళ్ల భయం కూడా మీ చదువు గురించి కాదు, పని ఎవరు చేస్తారని. అందుకే కల గురించి కాకుండా గంటల గురించి మాట్లాడండి: "అత్తా, ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా క్లాసు, ఆ పూట పిల్లోన్ని ఆయన చూసుకుంటాడు, ఒంటిగంటన్నరకు ఇంట్లో ఉంటా." ఈ మాట అనే ముందు భర్తతో ఒప్పందం అయిపోయుండాలి. వంట కూడా ఆ పూట ఆయనదే కావాలి, ముందురోజు రాత్రి మీరే చేసి పెట్టుకోవాలంటే మాత్రం ఆ చదువు మూడు నెలలు సాగదు.

"మొదలుపెట్టా, పదిరోజులకే ఆగింది"

మొదటి రోజే మూడు గంటలు కూర్చుని ఉంటారు. అరగంటకు తగ్గించండి, ఇంట్లో టీవీ మోత ఉంటే లైబ్రరీకి పోండి. ఒకరోజు తప్పితే మరుసటి రోజు రెండింతలు చదవాలని పెట్టుకోవద్దు, మళ్లీ ఆ అరగంటే. ఇంత చేసినా పుస్తకం తెరవాలనే అనిపించకపోతే, ఆ కోరిక మీదా లేక ఎప్పుడో మీ నాయన మీకోసం అనుకున్నదా అని ఒకసారి అడిగి చూసుకోండి. మీది కాదని తేలితే ఈ ఏడాది ఫీజు కట్టకముందే వదిలేయండి.