వర్డ్‌లో తెలుగు, 6వ పాఠం: పొల్లు దగ్గర చిక్కులు, విసర్గ, అరసున్న

ఈరోజు విసర్గతో మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠంలో చెప్పుకున్న నాన్‌జాయినర్ దగ్గరే చాలామంది ఆగిపోయారు. మీరు పంపిన అభ్యాసాల ఫైళ్లు తెరిచి చూస్తే ఆ సంగతి తెలుస్తూనే ఉంది. అది తేలకుండా ముందుకు వెళ్తే ఈరోజు చెప్పేవి కూడా అక్కడే తడబడతాయి. అందుకని ముందు దాన్ని సరిచేసుకుందాం.

రాజ్ అని కొట్టి వెంటనే కుమార్ కొడితే రాజ్కుమార్ వస్తుంది. పొల్లు తర్వాత హల్లు వస్తే వత్తు చేయడం తెలుగు లిపి పద్ధతి, కంప్యూటర్ దాన్నే పాటిస్తోంది. వత్తు వద్దనుకున్నప్పుడు పొల్లుకూ ఆ హల్లుకూ మధ్య కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతాం. అదే జీరో విడ్త్ నాన్‌జాయినర్. ప్రతి అక్షరానికీ కంప్యూటర్‌లో ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్, అందులో దీని సంఖ్య 8204. అది పెడితే రాజ్‌కుమార్ వస్తుంది. ఇంతవరకు అందరికీ అర్థమైంది. చిక్కంతా దాన్ని కొట్టడంలోనే.

ఆల్ట్ పట్టుకుని 8204 కొడితే ఏమీ రావడం లేదని రాసినవాళ్లలో ఎక్కువమందివి చిన్న లాప్‌టాప్‌లు. ఆల్ట్‌తో సంఖ్య కొట్టాలంటే కీబోర్డుకు కుడివైపు విడిగా ఉండే అంకెల మీటలే కావాలి, నమ్‌లాక్ వెలిగి ఉండాలి. అక్షరాల పైన వరసలో ఉన్న అంకెలు ఈ పనికి రావు. కుడివైపు అంకెలు లేనివాళ్లకు వేరే దారి ఉంది, నిజానికి నాకు అదే ఎక్కువ ఇష్టం. కీబోర్డును ఇంగ్లీషుకు మార్చండి. పొల్లు పక్కన కర్సర్ పెట్టి 200 కొట్టి, దాన్ని ఆనుకుని ఇంగ్లీషు సి అక్షరం కొట్టండి. వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. ఆ నాలుగూ మాయమై వాటి చోట నాన్‌జాయినర్ కూర్చుంటుంది. 8204నే పదికి బదులు పదహారు ఆధారంగా సాగే లెక్కలో (హెక్సాడెసిమల్) రాస్తే 200, సి అవుతుంది. రెండూ ఒకే గుర్తు. ఈ పద్ధతి లిబ్రేఆఫీస్ రైటర్‌లో కూడా పనిచేస్తుంది.

ఇంకొందరు పాత నోట్‌ప్యాడ్‌లో 8204 కొట్టి, ఏదో పిచ్చి గుర్తు వస్తోందని రాశారు. పాత నోట్‌ప్యాడ్ 255 దాటిన సంఖ్యలను వర్డ్ లాగా చదవదు. ఈ పాఠాల్లో ఇచ్చే సంఖ్యలన్నీ వర్డ్‌లోనే కొట్టండి, కావాలంటే అక్కడి నుంచి కాపీ చేసుకోండి.

మూడో రకం తడబాటుకు కారణం మెనూలో ఉన్న పేర్లు. ఇన్సర్ట్, సింబల్, మోర్ సింబల్స్ మీదుగా స్పెషల్ క్యారెక్టర్స్‌లోకి వెళ్తే రెండు పేర్లు కనిపిస్తాయి: నో విడ్త్ ఆప్షనల్ బ్రేక్, నో విడ్త్ నాన్ బ్రేక్. నాన్‌జాయినర్ కావాలి కదా అని నాన్ ఉన్న పేరును చాలామంది ఎంచుకున్నారు. అది 8205, అంటే జాయినర్. దానిది మనం చేసే పనికి సరిగ్గా ఎదురు పని. వర్డ్‌లో మనకు కావలసినది మొదటిది, ఆప్షనల్ బ్రేక్ అని ఉన్నది. లిబ్రేఆఫీస్ వాడేవాళ్లు మళ్లీ జాగ్రత్త పడాలి. అక్కడ ఫార్మాటింగ్ మార్క్ కింద ఇదే పేరుతో ఉన్నది 8203, ఇది వేరే గుర్తు. దానికీ వెడల్పు ఉండదు. దాన్ని పెట్టినా వత్తు విడిపోతుంది, చూడటానికి మాట సరిగానే ఉంటుంది. కానీ ఆ చోట వరస విరగొచ్చని అది కంప్యూటర్‌కు చెబుతుంది. పేజీ అంచుకు వచ్చేసరికి రాజ్ పై వరసలో ఉండిపోయి కుమార్ కింది వరసలోకి దిగుతుంది.

ఏది పెట్టారో మీరే తేల్చుకోవచ్చు. ఆ కనిపించని గుర్తు వెనకాలే, అంటే రాజ్ దాటి క ముందు, కర్సర్ పెట్టి ఆల్ట్ ఎక్స్ నొక్కండి. దాని అసలు సంఖ్య బయటికి వస్తుంది. చివర సి ఉంటే సరైనది. బి ఉంటే 8203, డి ఉంటే 8205, రెండూ తీసేయాల్సినవే. మళ్లీ ఆల్ట్ ఎక్స్ నొక్కితే సంఖ్య తిరిగి గుర్తుగా మారిపోతుంది. ఏ అక్షరం మీద అనుమానం వచ్చినా ఈ పరీక్ష చేయండి. ఈ పాఠంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇది ఒక్కటి గుర్తుండాలి.

నాన్‌జాయినర్ బదులు ఖాళీ వదిలి ఫేస్ బుక్, సాఫ్ట్ వేర్ అని రాసినవాళ్లూ ఉన్నారు. అవి ఒక మాట, ఒక మాటగానే ఉండాలి. ఫేస్‌బుక్, సాఫ్ట్‌వేర్ అని కలిపే రాయండి. మాట చివర పొల్లు తర్వాత కూడా నాన్‌జాయినర్ పెట్టడం అనవసరం. తర్వాత ఖాళీయో, కామాయో ఉంటే అక్కడ వత్తుగా మారడానికి హల్లే లేదు. అయినా ఆ గుర్తు ఫైల్‌లో ఒక అక్షరంగా మిగిలిపోతుంది, రెండు మాటలను పోల్చేటప్పుడు అడ్డం పడుతుంది.

నా అలవాటు ఒకటి చెబుతాను. ఇంగ్లీషు మాటకు తెలుగు విభక్తి చేర్చాల్సి వస్తే నేను వీలైనంతవరకు చివర ఉకారం పెడతాను. కోర్ట్‌లో అనకుండా కోర్టులో, బ్యాంక్‌కి అనకుండా బ్యాంకుకి అంటాను. మనవాళ్లు ఎప్పటినుంచో అలాగే పలుకుతున్నారు, రాస్తున్నారు. పొల్లు లేకపోతే నాన్‌జాయినర్ అవసరమే రాదు. బస్సులో అని రాసేవాళ్లకు బస్‌లో అనే చిక్కు లేదు. బస్టాండు అయితే వత్తుతోనే స్థిరపడిన మాట, దాన్ని విడదీయకండి. ఉకారం అతకని చోట్లకే నాన్‌జాయినర్ ఉంచుకోండి.

రోజూ రాసేవాళ్లు దానికో సొంత మీట పెట్టుకోవడం మంచిది. ఇందాక చెప్పిన స్పెషల్ క్యారెక్టర్స్ కిటికీలో ఆప్షనల్ బ్రేక్ ఎంచుకుని, కింద షార్ట్‌కట్ కీ నొక్కి, కంట్రోల్, ఆల్ట్, జె కలిపి ఒత్తి, అసైన్ చేయండి. ఆ మీటలకు ముందే వేరే పని ఉంటే వర్డ్ అక్కడే చూపిస్తుంది, అప్పుడు ఇంకో అక్షరం చూసుకోండి.

ఇక విసర్గ.

కొట్టడం ఒక్క నిమిషం పని. భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో షిఫ్ట్ పట్టుకుని హైఫన్ మీట నొక్కితే విసర్గ వస్తుంది. మీ కీబోర్డులో దొరక్కపోతే ఆల్ట్‌తో 3075 కొట్టండి. కానీ నా బాధ దాన్ని కొట్టడం గురించి కాదు, కొట్టకపోవడం గురించి. విసర్గకు బదులు కోలన్ పెడుతున్నారు. దు:ఖం, అంత:పురం, ప్రాత:కాలం, పున:ప్రారంభం, మన:స్థితి. పెళ్లి పత్రికల్లో ఇదే, సంస్థల కరపత్రాల్లో ఇదే, అచ్చు పుస్తకాల్లో కూడా ఇదే. ఎవరైనా అడిగితే రెండు చుక్కలే కదా అంటారు.

రెండు చుక్కలే, కానీ అవి ఏ రెండు చుక్కలన్నది ముఖ్యం. కోలన్ సంఖ్య 58. అది విరామ చిహ్నం, దాని ముందున్న అక్షరంతో దానికి ఏ సంబంధమూ లేదు. విసర్గ తెలుగు అక్షరం. యూనికోడ్‌లో అరసున్న, నిండుసున్న, విసర్గ పక్కపక్కనే ఉంటాయి: 3073, 3074, 3075. దు:ఖం అని కోలన్‌తో రాస్తే కంప్యూటర్‌కు అది దు అనే ముక్క, ఒక విరామం, ఖం అనే ముక్క. మాట అక్కడ లేనే లేదు. దుఃఖం అని వెతికేవాళ్లకు మీ వాక్యం దొరకదు. రేపు మీరే మీ మూడొందల పేజీల ఫైల్‌లో అంతఃపురం కోసం వెతికితే సగం దొరికి సగం దొరకవు. ఫాంటు మార్చినప్పుడు ఇంకో తేడా బయటపడుతుంది. వర్డ్ తెలుగు అక్షరాలకు ఒక ఫాంటు, ఇంగ్లీషు అక్షరాలకు, చిహ్నాలకు మరో ఫాంటు పెట్టుకుంటుంది. మీరు తెలుగు ఫాంటు మారిస్తే విసర్గ కూడా దానితో మారుతుంది. కోలన్ మాత్రం పాత ఫాంటులోనే ఉండిపోయి, మాట మధ్యలో సన్నగానో లావుగానో విడిగా కనిపించే అవకాశం ఉంది.

పాత ఫైళ్లు బాగుచేయాలంటే కోలన్లన్నీ ఒక్కసారిగా విసర్గలుగా మార్చేయకండి. ఉదయం 10:30 గంటలకు అన్న చోట, గమనిక: అన్న చోట కోలనే ఉండాలి. కంట్రోల్ హెచ్ తెరిచి మాట ముక్కలతో మార్చండి. దు:ఖ బదులు దుఃఖ, పున:ప్ర బదులు పునఃప్ర, అంత:క బదులు అంతఃక, అంత:పు బదులు అంతఃపు, ప్రాత:కా బదులు ప్రాతఃకా, స్వత:సి బదులు స్వతఃసి. ఇవి నిర్భయంగా అన్నిచోట్లా మార్చదగ్గవి. మిగిలిన కోలన్లను ఫైండ్‌తో ఒక్కొక్కటీ చూసుకుంటూ పోండి. విసుగు పుట్టించే పనే, కానీ ఒక్కసారి చేస్తే ఆ ఫైల్‌కు మళ్లీ చేయనక్కర లేదు.

నిండుసున్నకు బదులు తెలుగు అంకె సున్న పెట్టడం కూడా ఇదే జాతి తప్పు. అంకె సున్న 3174, నిండుసున్న 3074. కొన్ని ఫాంట్లలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఆల్ట్ ఎక్స్ పరీక్ష ఒక్కటే దారి.

అరసున్నకు ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్ ఎక్స్, లేకపోతే 3073. గుణింతం పూర్తయ్యాక కొట్టాలి. వాఁడు రాయాలంటే వ, దీర్ఘం, అరసున్న, డ, కొమ్ము. అరసున్నను దీర్ఘానికి ముందే కొడితే చుక్కల వలయం ఒకటి కనిపించవచ్చు. ఆ వలయం ఎక్కడ కనిపించినా వరస తప్పారని అర్థం. ఇప్పటి రాతలో అరసున్న ఎవరికి కావాలని కొందరు అడిగారు. పాత పద్యాలు, శాసనాలు, వ్యాకరణాలు ఎక్కించేవాళ్లకు కావాలి. ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే ఆరు తర్వాతి అంకె. ఎత్తి రాసేటప్పుడు అరసున్న వదిలేస్తే కవి రాసిన మాట మారిపోతుంది. అలాగే కరి, కఱి. ఏనుగు ఒకటి, నలుపు ఒకటి. ఱ ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్ జె, సంఖ్య 3121.

శివోఽహం, సోఽహం లాంటి చోట్ల వచ్చే అవగ్రహం 3133. ఇంగ్లీషు ఎస్ పెట్టకండి, కారణం కోలన్ దగ్గర చెప్పిందే. దంత్య చ, జ లకు ౘ 3160, ౙ 3161. అవగ్రహం, ఈ రెండు అక్షరాలు యూనికోడ్‌లోకి 2008లో 5.1 కూర్పుతో వచ్చాయి. అందుకే అంతకుముందు తయారైన ఫాంట్లలో వాటి చోట ఖాళీ గడి కనిపిస్తుంది. తప్పు మీది కాదు, ఫాంటు మార్చి చూడండి. పాత రాతల్లో న్ బదులు కనిపించే గుర్తు నకారపొల్లుకు 2021లోగానీ సొంత స్థానం దొరకలేదు. దాని సంఖ్య 3165. అది ఉన్న ఫాంటు మీ దగ్గర ఉంటేనే వాడండి.

రూపాయి గుర్తు ₹ 8377. విండోస్‌లో ఇంగ్లీషు ఇండియా కీబోర్డు పెట్టుకున్నవాళ్లకు కుడివైపు ఆల్ట్, 4 కలిపి నొక్కితే వచ్చేస్తుంది. భారత ప్రభుత్వం 2010 జులైలో ఆమోదించిన ఈ గుర్తు ఆ ఏడాదే యూనికోడ్‌లో చేరింది. పట్టికల్లో, బిల్లుల్లో నేను దీన్నే వాడతాను. వాక్యంలో అయితే రూ. అని రాయడమే నాకు ఇష్టం, చదివేవాళ్లకు ఊపు తెగదు. రూ. తర్వాత మామూలు ఖాళీ కాకుండా కంట్రోల్ షిఫ్ట్ పట్టుకుని స్పేస్ కొట్టండి. వరస చివర రూ. ఒకచోట, 500 ఇంకోచోట పడకుండా రెండూ కలిసే ఉంటాయి.

అభ్యాసం. ఇంట్లోనో గ్రంథాలయంలోనో అరసున్నలు, బండిఱలు ఉన్న పాత అచ్చు శతకమో, వ్యాకరణమో దొరికించుకోండి. అందులో నాలుగు పేజీలు ఒక్క గుర్తు కూడా వదలకుండా వర్డ్‌లో ఎక్కించండి. పూర్తయ్యాక ప్రతి విసర్గ మీద, ప్రతి అరసున్న మీద, ప్రతి నిండుసున్న మీద ఆల్ట్ ఎక్స్ పరీక్ష చేయండి. ఎక్కువే అడుగుతున్నానని తెలుసు, చేతివేళ్లకు అలవాటు కావాలంటే ఇంత కావాలి. ఆ తర్వాత మీరు ఇదివరకు రాసిన ఫైళ్లలో అన్నిటికన్నా పెద్దది తెరిచి, కోలన్‌తో ఉన్న విసర్గలన్నీ సరిచేయండి. ఫైండ్‌లో దు:ఖ అని వెతికితే ఒక్కటి కూడా దొరకని స్థితికి వచ్చాకే 7వ పాఠం మొదలుపెట్టండి.