గర్భంతో ఉన్నప్పుడు రాత్రి నిద్ర పట్టకపోతే ఏం చేయాలి?

గర్భిణికి నిద్ర పట్టకపోవడం, పట్టినా మధ్యలో మెలకువ రావడం మామూలే అయినప్పటికీ, "కడుపుతో ఉన్నప్పుడు ఇంతే" అని సరిపెట్టుకోవలసిన పని లేదు. నిద్ర చెడగొడుతున్నదేమిటో తెలిస్తే చాలావరకు దానికి తగిన ఉపాయం దొరుకుతుంది.

1. ముందుగా కారణం గుర్తించండి. మూత్రానికి లేచారా, గుండెల్లో మంటా, పిక్క పట్టేసిందా, కాన్పు గురించిన దిగులా అన్నది కొన్నాళ్లపాటు ఉదయం లేవగానే రాసుకోండి. వైద్యురాలికి చెప్పేటప్పుడు కూడా ఈ కాగితం ఎంతో పనికొస్తుంది.

2. పక్కకు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకోండి. నెలలు పెరిగే కొద్దీ, వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెన్నెముక పక్కగా గుండెకు రక్తం చేరవేసే పెద్ద సిర మీద పడి, బిడ్డకు అందే రక్తం తగ్గవచ్చు. అందుకే 28వ వారం నుంచి ఏదో ఒక పక్కకు తిరిగి నిద్రకు ఉపక్రమించాలని వైద్యులు చెబుతారు. ఎడమ పక్కే మేలని చాలామంది అంటారు గానీ, కుడి పక్కకు పడుకున్నా భయపడనక్కరలేదు. మోకాళ్ల మధ్య ఒక దిండు, పొట్ట కింద పలుచటి దిండు, వీపు వెనక మరొకటి పెట్టుకుంటే నడుము మీద భారం తగ్గుతుంది. మెలకువ వచ్చి చూసుకుంటే వెల్లకిలా ఉన్నారా? కంగారు పడకుండా పక్కకు తిరిగితే చాలు.

3. గుండెల్లో మంట ఉంటే రాత్రి భోజనం తక్కువగా, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించి, మంచం తల వైపు కాస్త ఎత్తు చేయండి.

4. నీళ్లు పగలే ఎక్కువగా తాగి, సాయంత్రం నుంచి తగ్గించండి. అంతేగాని రోజు మొత్తంమీద తగ్గించకూడదు. గర్భిణి శరీరంలో కెఫీన్ మామూలు కన్నా చాలాసేపు నిలుస్తుంది కాబట్టి కాఫీ, టీలు మధ్యాహ్నంతో ఆపేయడం మంచిది. రోజంతటికీ కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదు.

5. పిక్క పట్టేస్తే కాలు చాపి, మడమను ముందుకు నెట్టి, వేళ్లను మోకాలి వైపు లాగి పట్టుకోండి. పడుకోగానే కాళ్లు కదపకుండా ఉండలేనంత చిరాకు పుడుతుంటే మాత్రం అది వేరే సమస్య. ఇనుము లోపం వల్ల కూడా వస్తుంది కనుక రక్తపరీక్ష గురించి అడగండి.

6. మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనా కునుకు పట్టకపోతే, గడియారం చూస్తూ దొర్లకుండా లేచి, మసక వెలుతురులో కూర్చుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడే మళ్లీ పక్క మీదికి చేరండి. పగటి కునుకు అరగంటకు మించనివ్వవద్దు.

7. నిద్రమాత్రలు గాని, మూలికా మందులు గాని సొంతంగా వాడకండి. కొత్తగా గురక మొదలై ఊపిరి ఆగినట్టు అనిపించినా, దిగులు రోజుల తరబడి వదలకపోయినా, అరచేతుల్లో, అరికాళ్లలో రాత్రిపూట విపరీతమైన దురద పుట్టినా ఆలస్యం చేయకుండా వైద్యురాలికి చూపించుకోండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, బిడ్డ కదలికలు తగ్గడం వంటివి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.