గిట్ నేర్చుకుందాం – 6: తప్పు ఏ కమిట్‌లో దూరింది?

గిట్ అంటే కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచిపెట్టే పనిముట్టు, కమిట్ అంటే ఆ చరిత్రలో ఒక్కో మెట్టు. ముందు పోయిన పాఠం అభ్యాసానికి జవాబు. పుష్ చేసేసిన (అంటే అందరూ వాడే చోటికి పంపేసిన) కమిట్‌ను వెనక్కి తీయాలంటే చరిత్రనే వెనక్కి జరిపే రీసెట్ కాదు, గిట్ రివర్ట్ వాడాలి. రివర్ట్ పాత కమిట్‌ను చెరపదు. అందులోని మార్పును తిరగేసి కొత్త కమిట్‌గా వేస్తుంది కాబట్టి మీతో పనిచేసేవాళ్ల కాపీలు చెదరవు.

ఎప్పటిలాగే ఆదేశాలు తెలుగు లిపిలో ఇస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి.

ఉదాహరణ మన పాత ప్రోగ్రామే: నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యలు కొనే వ్యాపారికి పట్టుబడి రోజు, అంటే గుంటలో రొయ్యలు పట్టే రోజు, లెక్క కట్టిపెట్టేది. రొయ్యల సంగతి తెలియనివాళ్లకి ఒక్క మాట. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, రేటు ఎక్కువ. 100 కౌంట్ అంటే ఒక్కోటి సుమారు 10 గ్రాములు, రేటు తక్కువ. రేట్ల ఫైలులో వరుసకో కౌంట్, పక్కన దాని ధర ఉంటాయి. ప్రోగ్రాం ఆ వరుసలను కౌంట్ ప్రకారం పేర్చుకుని, పైనుంచి చూస్తూ, మన సరుకు కౌంట్‌కు సమానమైనదో అంతకన్నా పెద్దదో మొదట ఏది తగిలితే దాని ధర తీసుకుంటుంది. 45 కౌంట్ సరుకైతే 50 వరుస ధర అన్నమాట.

ఇప్పుడు గుంట గట్టు మీదనుంచి ఫోనొచ్చిందనుకోండి. "ఏంది అబ్బయ్యా, యాభై కౌంటు కొట్టినా నూరు కౌంటు రేటే చూపిస్తా ఉండాది! రైతు ఊరుకుంటాడా?"

ఇలాంటప్పుడు చాలామంది కోడ్ తెరిచి మొదటి వరుస నుంచి చదవడం మొదలెడతారు. నన్నడిగితే అది ఆఖరున చేయాల్సిన పని. ఒకప్పుడు సరిగ్గా పనిచేసిన ప్రోగ్రాం ఇప్పుడు చేయడం లేదంటే, ఎప్పుడు చెడిందో చరిత్రనే అడగొచ్చు. నెల్లూరుకీ ఒంగోలుకీ మధ్య ఎక్కడో తీగ తెగితే స్తంభం స్తంభం ఎక్కరు కదా, ముందు కావలిలో చూస్తారు. అక్కడ బాగుంటే తెగింది అవతల, లేకపోతే ఇవతల. గిట్ బైసెక్ట్ చేసేది ఇదే.

గిట్ బైసెక్ట్ స్టార్ట్
గిట్ బైసెక్ట్ బ్యాడ్
గిట్ బైసెక్ట్ గుడ్ వి1.2

ఇప్పుడున్నది చెడ్డది, వి1.2 ట్యాగ్ (కమిట్‌కు తగిలించిన పేరు) నాటికి మంచిది అని చెప్పాం. గిట్ మధ్యలో ఒక కమిట్‌ను తెచ్చి ముందు పెడుతుంది. ప్రోగ్రాం నడిపి 50 కౌంట్ వేసి చూడండి. రేటు సరిగ్గా వస్తే గిట్ బైసెక్ట్ గుడ్, లేకపోతే గిట్ బైసెక్ట్ బ్యాడ్. మధ్యలో 128 కమిట్లున్నా 7 సార్లు చూస్తే తేలిపోతుంది. ఆ కమిట్‌లో ప్రోగ్రాం అసలు లేవకపోతే గిట్ బైసెక్ట్ స్కిప్. పొరపాటున గుడ్ బదులు బ్యాడ్ కొట్టినా కంగారొద్దు: గిట్ బైసెక్ట్ లాగ్ ఇచ్చేదాన్ని ఒక ఫైలులోకి తీసుకుని, తప్పు వరుస దిద్ది, గిట్ బైసెక్ట్ రీప్లేకి ఆ ఫైలు ఇవ్వండి. పనయ్యాక గిట్ బైసెక్ట్ రీసెట్. ఇది మరిచిపోతే పాత కమిట్ మీదే కూర్చుని కొత్త కోడ్ రాస్తుంటారు.

మన వేటలో దొరికిన కమిట్ ఏది? "100 కౌంట్ రేటు చేర్చాను." మారింది రేట్ల ఫైలులో ఒక్క వరుస. అదేమో నిక్షేపంగా ఉంది!

పాఠమంతటికీ ముఖ్యమైన చోటు ఇదే. బైసెక్ట్ చూపించేది తప్పు బయటపడ్డ కమిట్‌ను. తప్పు చేసిన కమిట్ వేరే కావచ్చు. అంతకుముందెప్పుడో ఎవరో కోడ్ సర్దుతూ, వరుసలు పేర్చేచోట కౌంట్‌ను అంకెగా మార్చే ఇంట్ అన్న ముక్క తీసేశారు. అప్పటినుంచి కౌంట్లు అక్షరాల్లా పేరుతున్నాయి. 30 నుంచి 90 దాకా అన్నీ రెండంకెలే కాబట్టి ఎలా పేర్చినా ఒకటే. 100 రాగానే అది 30 కన్నా ముందుకు పోయింది, ఎందుకంటే అక్షరాల లెక్కలో 1 తర్వాతే 3. పైనుంచి చూస్తే మొదట తగిలేది 100, ఏ సరుకుకైనా అదే రేటు.

అసలు కమిట్‌ను పట్టాలంటే పరీక్షకు దాని సొంత రేట్లు ఇవ్వాలి. ఒక చిన్న స్క్రిప్ట్ రాయండి. 100 వరుస కూడా ఉన్న రేట్ల జాబితా అందులోనే ఉండాలి, 50 కౌంట్ అడిగి జవాబు సరిచూడాలి. సరైతే 0తో, తప్పైతే 1తో, ప్రోగ్రాం లేవకపోతే 125తో ముగించాలి. 125 అంటే గిట్‌కు స్కిప్ అని అర్థం. స్క్రిప్ట్‌ను కమిట్ చేయకండి. గిట్ కమిట్లు మారుస్తున్నా ట్రాక్ చేయని (గిట్‌కు అప్పగించని) ఫైలు అక్కడే ఉంటుంది. మళ్లీ స్టార్ట్, బ్యాడ్, గుడ్ చెప్పి:

గిట్ బైసెక్ట్ రన్ పైథాన్ పరీక్ష.పీవై

ఈసారి మీరు చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. 100 వరుస ఎప్పుడు చేరిందన్నదానితో పనిలేదు కాబట్టి వేలు నేరుగా ఇంట్ తీసేసిన కమిట్ మీదకే పోతుంది. ఆ కమిట్‌లో ఒకేసారి నలభై ఫైళ్లు మారి ఉంటే మాత్రం మళ్లీ గడ్డివామిలో వెతుకులాటే. కమిట్లు చిన్నవిగా వేయమని రెండో పాఠం నుంచీ సతాయిస్తున్నది ఇందుకే.

ఇక దిద్దుబాటు. ఇంట్ తిరిగి పెట్టి కమిట్ చేశారు. తర్వాత రసీదు అచ్చు మార్చి ఇంకో కమిట్ వేశారు. అప్పుడు గుర్తొచ్చింది, రేట్ల ఫైలులో ఖాళీ వరుస ఉంటే ఇంట్ దగ్గర ప్రోగ్రాం కూలిపోతుందని. దానికి మూడో కమిట్ ఎందుకు? మొదటి దిద్దుబాటు కమిట్‌లోనే కలిపేద్దాం. ఖాళీ వరుసను దాటవేసే కోడ్ రాసి, యాడ్ చేసి:

గిట్ కమిట్ --ఫిక్సప్ (దిద్దుబాటు కమిట్ సంఖ్య)
గిట్ రీబేస్ -ఐ --ఆటోస్క్వాష్ (అదే సంఖ్య)~

చివర ఉన్న అలగీత "దానికి ముందుది" అని చెప్పడానికి. రీబేస్ అంటే కమిట్లను తిరిగి పేర్చడం. ఎడిటర్ తెరుచుకున్నప్పుడు ఫిక్సప్ కమిట్ తన చోటికి తనే చేరి ఉంటుంది, సేవ్ చేసి మూసేస్తే దిద్దుబాటు కమిట్‌లో కలిసిపోతుంది. ఇది పుష్ చేయని కమిట్లకే. పుష్ అయిపోయిందా, మామూలుగా ఇంకో కమిట్ వేసి ఊరుకోండి.

రెండో ఆదేశం పొడుగనిపిస్తే పొట్టిపేరు పెట్టుకోవచ్చు:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ ఎలియాస్.సర్దు "రీబేస్ -ఐ --ఆటోస్క్వాష్"

ఇకపై గిట్ సర్దు అని, వెనక ఆ సంఖ్య~ ఇస్తే చాలు. కాకపోతే పూర్తి ఆదేశం వేళ్లకు అలవాటయ్యాకే ఇవి పెట్టుకోండి. కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌లో మీ పొట్టిపేర్లు ఉండవు.

అభ్యాసం: మీ రిపోజిటరీలో (గిట్ చరిత్ర ఉన్న ఫోల్డర్‌లో) పది చిన్న కమిట్లు వేయండి, వాటిలో ఒకదాంట్లో కావాలని కూడిక బదులు తీసివేత పెట్టండి. స్నేహితుడికి ఇచ్చి బైసెక్ట్ రన్‌తో పట్టమనండి. తర్వాత గిట్ లాగ్ -ఎస్ (ఇంగ్లీషు పెద్ద ఎస్) ఆదేశానికి తీసేసిన ముక్కను ఇచ్చి అదే కమిట్ దొరుకుతుందేమో చూడండి. ఎప్పుడు దొరుకుతుంది, ఎప్పుడు దొరకదు అన్నది వచ్చే పాఠంలో.