చలికి ముందు మిద్దె ఎక్కి చూడండి

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో చలి ఒంటరిగా రాదు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలై, గోడలను నానబెట్టాక వాటి వెనకే చలి దిగుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. కాబట్టి ఇక్కడి ఇళ్లకు చలికన్నా చెమ్మతోనే ఎక్కువ పని. రగ్గులు తర్వాత కొనుక్కోవచ్చు, ముందు మిద్దె ఎక్కండి.

నీళ్లు పోయే తూముల దగ్గర ఆకులు, పావురాల ఈకలు, పాత చెప్పులు, ఏవైనా చేరి ఉంటాయి. వాటిని తీసి, బిందెడు నీళ్లు కుమ్మరించి ఎటు పోతున్నాయో చూడండి. నిలిచిన చోట సుద్దముక్కతో గీత గీయండి. పగుళ్లు పూడ్పించాలంటే రెండు మూడు రోజులు గట్టిగా ఎండ కాయాలి. తడి మీద వేసిన పూత బుడగలై లేస్తుంది. మేస్త్రి ‘ఏమీ కాదు సార్’ అన్నా తొందరపడకండి. లోపలి గోడకు నెమ్ము కనిపిస్తే పైన రంగు వేసి కప్పడం డబ్బు దండగ. స్నానాలగది పైపు కారుతోందా, సంపు పొర్లుతోందా, గోడ వారన మట్టి పేరుకుందా అని మూలం వెతకాలి. బీరువాను గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా జరిపితే పట్టుచీరలకు బూజు పట్టే బెడద తగ్గుతుంది.

చలి అనగానే తలుపులు, కిటికీలు బిగించి కూర్చోవడం మనకు అలవాటు. లోపలి చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఎండ ఉన్నంతసేపు తెరిచి, పొద్దుగూకే ముందు మూయండి. దోమల బాధా తగ్గుతుంది. తలుపు కింది సందుకు మడిచిన పాత చీర అడ్డం పెడితే చాలు. వంటగది, స్నానాలగది వెంటిలేటర్లను మాత్రం అట్టముక్కలతో మూయకండి.

అసలు ప్రమాదం నిప్పుతో. తిరుపతి కన్నా పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు ఎత్తు ఎక్కువ, చలీ ఎక్కువే. అక్కడ ముసలివాళ్ల మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టి తలుపు వేసేవాళ్లున్నారు. బొగ్గు కాలుతుంటే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు, వాసన ఉండవు. తలనొప్పి, వికారం, మగత కలుగుతాయి. నిద్రలో ఉన్నవాళ్లకు అవీ తెలియవు, ఇక లేవకపోవచ్చు. పొగ రావడం లేదు కదా అన్న ధీమా పనికిరాదు, ఎర్రగా కణకణలాడే బొగ్గుల నుంచీ ఆ వాయువు వస్తుంది. కిటికీ కాస్త తెరిచి పెట్టినంత మాత్రాన భరోసా లేదు. కుంపటి వరండా దాటి లోపలికి రాకూడదు, అంతే. ఎవరైనా సొమ్మసిల్లితే ముందు తలుపులు తెరిచి, బయటికి తెచ్చి, 108కి ఫోను చేయండి. గ్యాస్ గీజరుదీ ఇదే కథ. దాన్ని, దాని సిలిండరును స్నానాలగది బయట, గాలి ఆడే చోట బిగించాలి.

కరెంటు గీజరు 2,000 వాట్లదైతే సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించకండి. వైకుంఠ ఏకాదశికి కొండకు వెళ్లే చుట్టాలు తెల్లవారుజామునే వరుసకట్టి స్నానాలు చేసే ఇళ్లలో వైరింగును ముందే చూపించుకోవాలి. బోరు నీళ్లకు గీజరులో తెల్లటి గార కడుతుంది, సీజను ముందే శుభ్రం చేయించండి. నీళ్ల బకెట్లో పెట్టే హీటరు కడ్డీ వాడేవాళ్లు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్లలో వేలు పెట్టాలి. మబ్బు పట్టిన వారాల్లో సోలార్ హీటరును నమ్ముకోవద్దు.

పెరట్లో కట్టెల మోపులు, పెంకుల కుప్పలు ఉంటే గోడకు దూరంగా మార్చండి. వానలకు పొలాలు తడిస్తే ఎలుకలు ఇళ్లలోకి చేరతాయి, వాటి కోసం పాములు వస్తాయి. కట్టెలు తీసేటప్పుడు ముందు కర్రతో కదపండి, రాత్రిళ్లు టార్చి లేకుండా పెరట్లోకి వెళ్లకండి. కింద పడుకునేవాళ్లు దోమతెర అంచులను పరుపు కిందికి దోపుకోవాలి. పాము కరిస్తే మంత్రగాళ్ల కోసం ఆగకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి.