బిడ్డను తెచ్చుకోవాలనుకునే మన సంఘస్థులకు

ఆరాధన అయ్యాక గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచి, "అక్కా, మీరెలా తెచ్చుకున్నారు?" అని మెల్లగా అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నిలబడి చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. మాది తెనాలి. నేను బడిలో టీచర్ని, మా ఆయనకు ఎరువుల కొట్టు. 2020లో దత్తతకు దరఖాస్తు పెట్టాం, 2023లో పాప ఇంటికొచ్చింది. అప్పటికి దానికి పద్నాలుగు నెలలు.

ముందు ఇంట్లో తేల్చుకోండి. "క్రీస్తులో కులం లేదు" అని పాడేవాళ్లమే గానీ, మా అత్తయ్య మొదట అడిగింది "ఏ కులం పిల్లో" అనే. నాకు ఒళ్లు మండింది. మా ఆయన మాత్రం మూడు నెలలు ఓపిగ్గా రోజూ రాత్రి అన్నం తిన్నాక ఆవిడ పక్కన కూర్చుని మాట్లాడారు. ఆవిడ సరేనన్నాకే దరఖాస్తు పెట్టాం. రేపు పిల్లను ఎత్తుకునేది ఆవిడే కదా.

రెండోది, దొడ్డిదారి జోలికి పోకండి. ఒక నర్సింగ్ హోంలో పనిచేసే ఆవిడ "వారంలో మగపిల్లాడు, మూడు లక్షలు" అని మాకూ కబురు పంపింది. బిడ్డను కొన్నా అమ్మినా ఐదేళ్ల వరకు జైలు. చెల్లెలి బిడ్డను తెచ్చుకుని స్టాంపు పేపరు మీద రాయించుకున్నా సరిపోదు. ఆ దత్తత పత్రాలు 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద నడిచేవి, అది మనకు వర్తించదు. ఒకప్పుడు మనవాళ్లు 1890 నాటి చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగేవాళ్లు. మా మేనత్త అలాగే ఒక అబ్బాయిని పెంచింది. వీలునామా రాయకుండా కన్నుమూసింది. ఆమె ఇంటికోసం వాడు ఆమె మరుదులతో ఎంత తగువు పడ్డాడో చూశాను. ఇప్పుడు జువెనైల్ జస్టిస్ చట్టం, అంటే పిల్లల సంరక్షణ కోసం ఉన్న చట్టం, ఏ మతం వారికైనా దారి తెరిచింది. 2014లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. ఈ దారిలో వచ్చిన బిడ్డకు కన్నబిడ్డకున్న హక్కులన్నీ ఉంటాయి. బంధువుల బిడ్డనైనా ఈ చట్టం కిందే తీసుకోవాలి.

దరఖాస్తు కారా వెబ్‌సైట్‌లో, అంటే కేంద్ర దత్తత సంస్థ సైట్‌లో పెట్టాలి. పెళ్లయి రెండేళ్లు నిండి ఉండాలి. పాన్, ఆధార్, పుట్టినతేదీ, ఆదాయం, ఆరోగ్యం, పెళ్లి పత్రాలు అడుగుతారు. మమ్మల్ని నెలన్నర తిప్పింది పెళ్లి పత్రమే. సంఘంలో ఒక పేరు, స్కూలు సర్టిఫికెట్లలో ఇంకో పేరు మనలో చాలామందికి ఉన్నదే. నాకూ అంతే. పాస్టరు అయ్యగారు రాసే పెళ్లి రిజిస్టర్లో ఉన్న పేరు పాన్ కార్డులో లేదు. మీరు ముందే సరిచూసుకోండి.

తర్వాత సోషల్ వర్కర్ ఇల్లు చూడ్డానికి వస్తారు. నేను రెండు రోజులు ఇల్లు కడిగాను. ఆమె గోడల వంక కూడా చూడలేదు. పిల్ల ఎక్కడ పడుకుంటుంది, రేపు మీకే బిడ్డ పుడితే ఏం చేస్తారు, దత్తత సంగతి పిల్లకు ఎప్పుడు చెబుతారు, ఇవీ ఆమె ప్రశ్నలు. ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇక ఎదురుచూపు. సంఘంలో ప్రతి ఆదివారం "ఏమైనా కబురా?" అంటారు. నేను ఒక దశలో వెనక బెంచీలో కూర్చుని ముగింపు ప్రార్థనకు ముందే లేచి వచ్చేసేదాన్ని.

బిడ్డ వివరాలు వచ్చాక 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి. ఫొటో చూసి కరిగిపోకుండా వైద్య నివేదికను మీకు తెలిసిన పిల్లల డాక్టరుకు చూపించండి. బిడ్డ ఉండే శిశుగృహకు వెళ్లినప్పుడు ఆయాలతో ఎక్కువసేపు మాట్లాడండి. మాకు పనికొచ్చినవన్నీ వాళ్లు చెప్పినవే: బాలామృతం పాలల్లో కలిపితేనే తింటుంది, లైటు ఆర్పితే ఏడుస్తుంది. మూడు నెలలు ట్యూబులైటు కిందే పడుకున్నాం. కప్పుకునే పాత దుప్పటి కూడా అడిగి తెచ్చుకోండి, ఉతక్కండి. అక్కడ పెట్టిన పేరు మేం మార్చలేదు. ఆ పేరుతో పిలిస్తేనే కదా తిరిగి చూసేది.

ఇంటికి తెచ్చినా కలెక్టర్ ఉత్తర్వు వచ్చేదాకా అది దత్తతకు ముందటి పోషణే. 2022 సెప్టెంబరు దాకా ఈ పని కోర్టుది. ఉత్తర్వు చేతికొచ్చి, మా పేర్లతో జనన ధ్రువపత్రం తీసుకున్నాకే బాప్తిస్మం పెట్టుకున్నాం. తొందరపెట్టినవాళ్లు లేకపోలేదు. రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి సోషల్ వర్కర్ వచ్చి చూసిపోతారు, దానికి భయపడక్కర్లేదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే: పిల్లను సంఘంలో చెప్పుకునే సాక్ష్యం చేయకండి. బాప్తిస్మం నాడు మన అయ్యగారు "దిక్కులేని ఈ పసిబిడ్డను..." అని ప్రార్థన మొదలుపెట్టబోతుంటే మా ఆయన ముందుకొంగి, "అయ్యగారూ, దిక్కుంది" అన్నారు. ఆయన నవ్వి మాట మార్చారు. స్త్రీల సమాజంలో "మీ త్యాగం దేవుడు చూస్తాడమ్మా" అన్నవాళ్లకు నేనిప్పటికీ ఒకటే చెబుతాను, మాకు పిల్ల కావాలి, తెచ్చుకున్నాం. దానికి మాటలు అర్థమయ్యే వయసొచ్చేసరికి ఈ మాటలు దాని చెవిన పడకూడదు.

అసలు సంగతి మాత్రం మొదటినుంచీ దానికి చెబుతూనే ఉన్నాం. శిశుగృహ నుంచి అద్దె కారులో తెచ్చాం కాబట్టి ఆ తేదీని అది "కారు రోజు" అంటుంది. పుట్టినరోజుకంటే దీనికే ఎక్కువ హడావిడి. ఈసారి కేకు కూడా కారులాగే కావాలట, ఎర్రది.